ఎర్రచందనం అడవిలో ఇంటర్న్‌షిప్ – చెట్లను లెక్కపెట్టే చదువు

ఎర్రచందనం అనగానే మనకు గుర్తొచ్చేది పేపర్లో వచ్చే దుంగల ఫోటో. వరుసగా పేర్చిన దుంగలు, వెనుక నిలబడిన పోలీసులు, ముఖానికి గుడ్డ కప్పుకున్న నలుగురు మనుషులు. 2021 డిసెంబరులో ‘పుష్ప’ సినిమా వచ్చాక దుంగలకు డైలాగులు కూడా తోడయ్యాయి. కానీ నిలబడి ఉన్న ఎర్రచందనం చెట్టును చూపించి ‘ఇదిగో ఇదే’ అని చెప్పగలిగినవారు, శేషాచలం కొండల చుట్టూ ఉన్న హాస్టళ్లలో చదువుకుంటున్న మనలో కూడా చాలా తక్కువ. బోటనీ విద్యార్థులమైన మేము సైతం డిగ్రీ రెండో సంవత్సరం దాకా దానిని హెర్బేరియం షీటు మీద తప్ప చూడలేదు.

మన రాష్ట్రంలో 2020-21 విద్యా సంవత్సరంలో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్, తరువాత ఒక సెమిస్టర్ మొత్తం. ఆ రెండో వేసవిలో మేము ఆరుగురం ఎర్రచందనం సంరక్షణ కార్యక్రమం ఒకదానిలో పనిచేశాము. పీజీకి వచ్చాక మళ్లీ అదే కొండలకు ప్రాజెక్టు పని మీద వెళ్లాము. మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ‘అక్కడ ఏం చేయిస్తారన్నా? మొక్కలు నాటిస్తారా?’ అని అడుగుతున్నారు. వారి కోసమే ఈ వ్యాసం.

చెట్టు గురించి ముందు నాలుగు మాటలు

ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్. గ్రీకులో టెరాన్ అంటే రెక్క, కార్పస్ అంటే కాయ. కాయ చుట్టూ గుండ్రంగా పలుచని రెక్క ఉంటుంది కనుక ఆ పేరు. చిక్కుడు, కందుల కుటుంబానికి చెందినది. మన అడవుల్లో పెద్దేగి అని పిలిచే వేగిస చెట్టు దీనికి దాయాది. రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు గుర్తుపట్టడానికి ఆకు చూడాలి. ఎర్రచందనానికి సాధారణంగా ఒక కాడకు మూడు చిన్నాకులు ఉంటాయి, కొంచెం గుండ్రంగా. పెద్దేగికి ఐదు నుంచి ఏడు. ఇక బెరడు చూస్తే మొసలి వీపు గుర్తొస్తుంది. నల్లగా, చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. గాటు పడితే ఎర్రని జిగురు కారుతుంది.

శ్రీగంధానికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. శ్రీగంధం వేరే కుటుంబం. అది పక్క చెట్ల వేళ్ల నుంచి కొంత ఆహారం లాక్కునే రకం. దానికి వాసన ఉంటుంది. ఎర్రచందనానికి అటువంటి సువాసన లేదు. దీని విలువంతా చేవలోని ఎర్రని రంగులో, బరువులో ఉంది. ఆ రంగు పదార్థాలను శాంటలిన్లు అంటారు. బాగా చేవ కట్టిన ముక్కను నీటిలో వేస్తే మునుగుతుంది. చైనాలో ఖరీదైన కుర్చీలు, మంచాలకు, జపాన్‌లో షామిసెన్ అనే తీగ వాయిద్యానికి ఈ కలప వాడతారు.

ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. పాత ఉమ్మడి జిల్లాల లెక్కన చెప్పాలంటే కడప, చిత్తూరు, నెల్లూరు ప్రధానం. ప్రకాశం, కర్నూలు జిల్లాల్లోనూ, సరిహద్దు దాటి తమిళనాడులో కొంత మేరకూ ఉంటుంది. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండలు దీని పుట్టిల్లు. 2010లో శేషాచలం కొండలను సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు.

అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఎర్రచందనాన్ని 1995లో చేర్చారు. ఐయూసీఎన్ ఎర్ర జాబితా సంగతి కొంచెం విచిత్రం. మొదట అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ఉండేది. 2018లో ప్రమాదానికి దగ్గరలో ఉన్న జాతి అని రెండు మెట్లు దించారు. 2021లో మళ్లీ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల వర్గంలోకి తెచ్చారు. మూడేళ్లలో చెట్టు మారిపోదు కదా! చెట్లను ఎవరు, ఎక్కడ, ఎలా లెక్కపెట్టారన్నదాని మీద వర్గం ఆధారపడుతుందని ఇక్కడే మనకు అర్థం కావాలి. ఇంటర్న్‌షిప్‌లో మేము చేసిన పని సరిగ్గా ఆ లెక్కపెట్టడమే.

టేపు, సున్నం, నోటుబుక్కు

మొదటి వారం మొత్తం కొలతలు నేర్చుకోవడంతోనే సరిపోయింది. చెట్టు చుట్టుకొలతను ఎక్కడ పడితే అక్కడ కొలవకూడదు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అనగా నాలుగున్నర అడుగుల దగ్గర కొలవాలి. దీనిని ఛాతీ ఎత్తు అంటారు. ఈ ఎత్తు ప్రపంచమంతటా ఇంచుమించు ఇదే కనుక మన లెక్కను ఇంకొకరి లెక్కతో పోల్చడానికి వీలవుతుంది. మేము ఒక వెదురు కర్రకు 1.37 మీటర్ల వద్ద రంగు పూసి పెట్టుకున్నాము. చెట్టు పక్కన కర్ర నిలబెట్టి, గుర్తు దగ్గర టేపు చుట్టడమే. దర్జీ టేపు చాలు.

వినడానికి సులువే. కొండ మీదకు వెళ్లాక అసలు సందేహాలు మొదలవుతాయి. వాలు నేలలో ఏ వైపు నుంచి కొలవాలి? ఎగువ వైపు నిలబడి కొలవాలి. దిగువ నుంచి కొలిస్తే చెట్టు లావైపోతుంది. ఛాతీ ఎత్తు కంటే కిందే రెండుగా చీలితే? రెండు చెట్లుగా రాయాలి. పైన చీలితే ఒకటే. సరిగ్గా ఆ ఎత్తులోనే బుడిపె ఉంటే? బుడిపె ప్రభావం లేనంత పైకి జరిగి కొలిచి, ఎంత ఎత్తులో కొలిచామో పక్కన రాయాలి. వంగిన చెట్టయితే కర్రను చెట్టుతో పాటే వంచాలి. ఇవి పుస్తకంలో ఒక్క పేరాలో ఉంటాయి. ముగ్గురు మనుషులు ఒకే చెట్టును కొలిచి మూడు అంకెలు చెప్పినప్పుడు గానీ ఆ పేరా విలువ తెలియదు.

చుట్టుకొలతను 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. 66 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చెట్టు అడ్డుకొలత సుమారు 21 సెంటీమీటర్లు. ఎత్తుకు పరికరం లేకపోతే ఇంకొక ఉపాయం ఉంది. మన చెయ్యి చాచినంత పొడవున్న పుల్లను నిటారుగా పట్టుకోవాలి. పుల్ల అడుగు చెట్టు మొదలుతో, పుల్ల కొన చెట్టు చివరతో కలిసే వరకు వెనక్కి నడవాలి. కలిసిన చోటు నుంచి చెట్టు దాకా ఉన్న దూరమే చెట్టు ఎత్తు. ఇది సమరూప త్రిభుజాల సిద్ధాంతమే. పదో తరగతిలో మార్కుల కోసం బట్టీ పట్టిన లెక్క ఇక్కడ పనికొస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు. అయితే ఇది సమతల నేల మీదే బాగా కుదురుతుంది.

అడవిలో ఉన్న చెట్లన్నింటినీ ఎవరూ లెక్కపెట్టలేరు. అందుకే నమూనా ప్లాట్లు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పుతో నలుచదరం గీసి మూలల్లో రాళ్లకు సున్నం పూస్తారు. ఒక్కొక్కటి 400 చదరపు మీటర్లు. ఉదాహరణకు 10 ప్లాట్లు వేశామనుకుందాం. మొత్తం 4,000 చదరపు మీటర్లు, అనగా 0.4 హెక్టారు. వాటిలో 92 చెట్లు ఉంటే హెక్టారుకు 230 అన్నమాట. ప్లాటు ఎక్కడ వేయాలన్నది ముందే మ్యాపు మీద నిర్ణయమైపోవాలి. అక్కడికి వెళ్లాక ‘ఇక్కడ చెట్లు బాగున్నాయి, ఇక్కడే వేద్దాం’ అనుకున్నామా, లెక్క అక్కడే చెడిపోతుంది. అంచు మీద ఉన్న చెట్టును లోపల కలపాలా వద్దా అన్నదానికి కూడా ముందే ఒక నియమం పెట్టుకోవాలి.

మొద్దులు చెప్పే మాట

ఈ పనిలో మాకు అన్నింటికంటే ఎక్కువ నేర్పినవి నిలబడిన చెట్లు కాదు, నరికిన మొద్దులు.

సహజంగా ఆరోగ్యంగా ఉన్న అడవిలో మొలకలు చాలా ఎక్కువ, చిన్న చెట్లు అంతకంటే తక్కువ, పెద్ద చెట్లు ఇంకా తక్కువ ఉంటాయి. గ్రాఫు గీస్తే ఎడమవైపు ఎత్తుగా మొదలై కుడివైపుకు మెల్లగా దిగుతుంది. ఎర్రచందనం ప్లాట్లలో కొన్నిచోట్ల ఆ గీత మెల్లగా దిగదు. ఒక లావు దాకా వచ్చి టక్కున తెగిపోతుంది. చేవ కట్టిన చెట్లనే ఎంచుకుని నరుకుతారు కాబట్టి సన్నవి మిగులుతాయి, లావువి ఉండవు. దూరం నుంచి చూస్తే కొండ పచ్చగానే ఉంటుంది. ఆకాశం నుంచి తీసిన ఫోటోలోనూ పచ్చగానే కనబడుతుంది. మొద్దులను కూడా లెక్కలో రాస్తేనే ఏం పోయిందో తెలుస్తుంది. అందుకే ప్రతి ప్లాటులో మొద్దు చుట్టుకొలత, ఎత్తు, నరికిన ముఖం కొత్తదా పాతదా, పిలకలు వచ్చాయా లేదా అన్నవి రాశాము.

ఎర్రచందనానికి ఒక మంచి గుణం ఉంది. నరికిన మొద్దు నుంచి పిలకలు వేస్తుంది. వేళ్ల నుంచి కూడా పిలకలు లేస్తాయి. అయితే ఒకే మొద్దు మీద గుంపుగా లేచినవి ఒకదానికొకటి పోటీపడి అన్నీ సన్నగానే ఉండిపోతాయి. బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగిలినవి తీసేయడం కూడా సంరక్షణ పనిలో భాగమే. చెట్టును కాపాడడానికి కత్తి పట్టవలసి రావడం మొదట మాకు ఇబ్బందిగా అనిపించింది.

పిలక మళ్లీ చెట్టయి చేవ కట్టాలంటే రెండు దశాబ్దాలు దాటాలి. అప్పుడు కూడా అడవిలోని పాత చెట్టు చేవతో సమానం కాదు. మా వయసు ఇరవై మూడు. మేము పుట్టిన ఏడు నాటిన చెట్టుకు ఇప్పుడిప్పుడే చేవ మొదలై ఉంటుంది. ‘వాడిలో చేవ ఉంది’ అని ఇంట్లో పెద్దలు అనే మాటకు ఎన్ని సంవత్సరాల అర్థం ఉందో ఆ రోజు తెలిసింది.

మొద్దుల గురించి రాస్తూ మనుషుల గురించి రాయకపోవడం న్యాయం కాదు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో స్మగ్లర్ల ముఠా దాడిలో ఇద్దరు అటవీ అధికారులు చనిపోయారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వారు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. 2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు పెంచారు. విదేశాలకు ఓడల్లో చేరే కలపకు వచ్చే ధరలో గొడ్డలి పట్టినవాడి చేతికి అందేది ఎంతో తక్కువ. జైలుకు మాత్రం ముందు అతడే పోతాడు. మాలో ఒకరి ఊరి మనిషి ఇటువంటి కేసులోనే రెండేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. ఆ మిత్రుడు మొద్దుల పట్టిక రాసేటప్పుడు మిగతావారికంటే నెమ్మదిగా రాసేవాడు. ఎవరమూ అతడిని తొందరపెట్టలేదు.

మా అభిప్రాయంలో అడవి అంచు ఊళ్లలో వేసవి నాలుగు నెలలూ కూలి దొరికేలా చూడకుండా కేవలం తుపాకులతో ఈ చెట్టును కాపాడలేరు. నర్సరీ పని, అగ్గి గీతలు తీసే పని, కాపలా పని స్థానికులకు ఇచ్చిన చోట చెట్టుకు కనీసం ఒక సాక్షి ఉంటాడు. మాతో వచ్చిన వాచర్ అటువంటి ఊరివాడే. ‘నాయనా, చెప్పులు కాదు బూట్లేసుకుని రండి, కొండచీపురు కోస్తది’ అని మొదటి రోజే కోప్పడ్డాడు. దారి, నీళ్లు, చెట్ల పేర్లు ఆయన దగ్గర నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు. చిరుమాను, జాలారి, మొగి చెట్లను ఆకు ముట్టుకోకుండా దూరం నుంచే చెప్పేవాడు. రిపోర్టులో కృతజ్ఞతల పేజీలో ప్రొఫెసర్ల పేర్ల తరువాత కాదు, ముందే ఆయన పేరు రాశాము.

నర్సరీ, నాటిన మొక్కల లెక్క

ఎర్రచందనం ఏప్రిల్, మే నెలల్లో పసుపు పూలు పూస్తుంది. కాయలు ముదరడానికి మరుసటి సంవత్సరం ఫిబ్రవరి, మార్చి దాకా పడుతుంది. కాయ గట్టిది. లోపల సాధారణంగా ఒకే గింజ, కొన్నింట్లో రెండు. నీళ్లలోనో పేడనీళ్లలోనో రెండు మూడు రోజులు నానబెట్టి మడుల్లో చల్లుతారు. అయినా విత్తినవాటిలో సగం మొలిస్తే బాగా మొలిచినట్టే. కొన్ని కాయలు కోసి చూస్తే లోపల గింజే ఉండదు. మొలకలను పాలిథిన్ సంచుల్లోకి మార్చి ఏడాదో ఏడాదిన్నరో పెంచి వానలకు నాటుతారు. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఒక లక్ష ఎర్రచందనం మొక్కలు పెంచడానికి మన రాష్ట్ర జీవవైవిధ్య మండలికి రూ.82 లక్షలు మంజూరు చేసింది. పట్టుబడిన దుంగలను వేలం వేసినప్పుడు వసూలు చేసిన వాటా అది. నరికిన చెట్ల డబ్బుతో కొత్త మొక్కలు అన్నమాట.

నాటడం అయిపోయాక ఫోటో దిగడం మన దేశంలో ఎక్కడైనా జరిగేదే. ఇంటర్న్‌లను కూడా ముందు అందుకే పిలుస్తారు. అసలు పరీక్ష తరువాతి వేసవిలో ఉంటుంది. నాటినవి 400, బతికినవి 268 అనుకోండి. బతికిన శాతం 67. ఇందులో కిటుకు ఏమిటంటే, మధ్యలో చనిపోయినవాటి చోట కొత్తవి పెడతారు. అది తప్పు కాదు, పెట్టాలి కూడా. కానీ అలా పెట్టిన 60 మొక్కలను కూడా పాత 400లో బతికినవిగా కలిపి రాస్తే శాతం 82 అయిపోతుంది. చెట్టు బతికినట్టు కాగితం చెబుతుంది, నేల చెప్పదు. మేము వెళ్లిన ఒక ప్లాంటేషన్‌లో ఇదే జరిగింది. మా పట్టికలో పాతవి, కొత్తవి వేరు వేరు వరుసల్లో రాశాము. వాటిని కలిపేయమని అక్కడి ఒకాయన చెప్పారు. సర్టిఫికెట్ ఆయన సంతకంతోనే రావాలి. ఆరుగురం రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాము. మాలో ఇద్దరికి ఆ సర్టిఫికెట్ ఆలస్యమైతే సెమిస్టర్ ఆగిపోతుంది, సెమిస్టర్ ఆగితే స్కాలర్‌షిప్ ఆగుతుంది.

చివరకు మేము చేసింది ఇది. పట్టిక మార్చలేదు. రెండు వరుసలూ అలాగే ఉంచి, కింద ‘మొత్తం నిలబడి ఉన్న మొక్కలు’ అని మూడో వరుస చేర్చాము. ఆయన అడిగిన అంకె కూడా అందులో ఉంది, కానీ దాని అసలు పేరుతో ఉంది. ప్రతి మొక్క ఎత్తు రాసి ఉంది కనుక ఏది పాతదో ఏది కొత్తదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆయన రెండు రోజులు సంతకం పెట్టలేదు. మూడో రోజు పెట్టారు. మా గైడు సార్‌కు ముందే ఫోను చేసి విషయం చెప్పి ఉంచడం కూడా పనిచేసి ఉండవచ్చు. ఇటువంటి సందర్భం మీకూ రావచ్చు కాబట్టి ప్రతిరోజూ రాసిన పట్టికను ఆ రోజే ఇంకొక నోటుబుక్కులోకి ఎక్కించి, తేదీ వేసి, ఇద్దరు సంతకాలు చేయండి. పెన్సిలు వద్దు. అంకె తప్పు పడితే కొట్టేసి పక్కన రాయండి, చెరపకండి.

వెళ్లేవారికి

రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడం నేరం. కాలేజీ లెటర్ ఉంటే చాలదు. అటవీ శాఖ రాతపూర్వక అనుమతిలో మీ ఆరుగురి పేర్లూ, తేదీలూ ఉండాలి. జాతీయ పార్కులో, అభయారణ్యంలో అయితే నియమాలు ఇంకా గట్టివి. కాగితం నకలు ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి, ఒక్కరి దగ్గరే కాదు.

ఫోను విషయంలో చాలా జాగ్రత్త అవసరం. లావు చెట్టు దగ్గర సెల్ఫీ తీసుకుని స్టేటస్ పెడితే మనకు పది లైకులు రావచ్చు. ఆ ఫోటోలో ఎక్కడ తీశారన్న గుర్తు కూడా ఉండవచ్చు. దానికోసమే వెతికేవారు ఉంటారు. మేము కెమెరాలో లొకేషన్ ఆపేసి, ప్లాట్ల మ్యాపును కార్యక్రమం వారికి అప్పగించి, మా రిపోర్టులో నంబర్లు మాత్రమే ఇచ్చాము. ఈ వ్యాసంలో కూడా ప్లాట్ల పేర్లు రాయకపోవడానికి కారణం అదే.

ఇక ఖర్చు. ఇది ఎవరూ చెప్పరు. రెండు నెలల ఇంటర్న్‌షిప్ వేసవిలో వస్తుంది. అప్పుడు మన హాస్టల్, మెస్ మూసి ఉంటాయి. స్కాలర్‌షిప్‌లో దీనికంటూ పైసా లేదు. సొంత ఊరు దూరమైనవారికి గది అద్దె, బస్సు ఛార్జీలు, తిండి అన్నీ చేతి నుంచే. డబ్బున్న ఇంటి పిల్లలకు ఇది అనుభవం, మనకు రెండు నెలల కూలి పోగొట్టుకోవడం. మాలో ఒకరు మామిడి తోట పని వదులుకుని వచ్చారు. కాబట్టి చేరే ముందే రాతపూర్వకంగా అడగండి: వసతి ఇస్తారా, భోజనం ఇస్తారా, బేస్ క్యాంపు దాకా వాహనం ఉందా, పాముకాటుకు దగ్గర ఆసుపత్రి ఏది, బీమా ఉందా? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. మేము అడిగాము కాబట్టే నర్సరీ పక్క షెడ్డులో ఉండనిచ్చి, బియ్యం, గ్యాసు ఇచ్చారు. వంట మేమే చేసుకున్నాము. చెల్లెళ్లు వెళ్లేటట్టయితే బ్యాచిలో కనీసం ముగ్గురు ఉండేలా, మహిళా ఉద్యోగి ఉన్న రేంజ్‌కు వేయించుకునేలా ముందే దరఖాస్తులో రాయాలి. మూసిన నెలల్లో ఇంటర్న్‌షిప్ విద్యార్థులకు హాస్టల్ ఒక గది, మెస్ చార్జీ ఇవ్వాలని వార్డెన్ సార్ ద్వారా జిల్లా అధికారికి అర్జీ పెట్టాలని పాత విద్యార్థులం అనుకుంటున్నాము. సంతకాలు చేసేవారు వార్షికోత్సవం రోజు సాయంత్రం స్టేజీ పక్కన మమ్మల్ని కలవవచ్చు.

నెల ఎంచుకునే వీలుంటే ఫిబ్రవరి, మార్చిలో వెళ్లండి. ఆకు రాలి ఉంటుంది, చెట్టు ఆకారం స్పష్టంగా కనబడుతుంది, కాయలు దొరుకుతాయి. ఏప్రిల్ దాటితే ఎండ, అగ్గి భయం. అడవిలో పొగ కనబడితే టేపు, కర్ర అక్కడే వదిలేసి వాచర్ చెప్పిన వైపు దిగిపోవడం తప్ప ఇంకేమీ ఆలోచించకూడదు. దరఖాస్తు మాత్రం డిసెంబరులోనే పెట్టాలి, అనుమతి కాగితం రావడానికి నెలకు పైగా పడుతుంది.